ఇంకా స్టార్ట్ కాలేదు

మా ఆయన ఈ ఊళ్ళో సగం మందిని ఫెయిల్ చేశారు. మిగతా సగం ఇంకా అప్లికేషన్ పెట్టుకోలేదు.

ఆయన ఉద్యోగం డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలు పెట్టడం. పొద్దున్నే అట్టకి మార్కుల కాగితం తగిలించుకుని ఆఫీసు వెనక యార్డుకి వెళతారు. వచ్చినవాళ్ళ కారులో డ్రైవరు పక్క సీట్లో కూర్చుని "స్టార్ట్ చెయ్యండి" అంటారు. ఆ తర్వాత పెదవి విప్పరు. చివర్లో "ఫెయిల్" అని దిగిపోతారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అదే సీటు, అదే మాట.

ఆయనకి మనుషుల మొహాలు గుర్తుండవు, వాళ్ళ తప్పులే గుర్తుంటాయి. ఒకసారి జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన స్టెతస్కోపు గుండె మీద పెట్టగానే ఈయన ఎగాదిగా చూసి, "మీరు రివర్సులో కంగారు పడతారు" అన్నారు. పాపం డాక్టరు స్టెతస్కోపు తీసి జేబులో పెట్టేసుకున్నాడు. ఆ రోజు మా ఆయన గుండె ఎలా కొట్టుకుందో మాకు ఇప్పటికీ తెలియదు.

నన్ను నాలుగుసార్లు ఫెయిల్ చేశారు. అవును, సొంత పెళ్ళాన్నే. ఊళ్ళో పరీక్ష పెట్టేది ఆయనొక్కరే, నేనేం చెయ్యను? పరీక్షకి ముందు రోజు నుంచి ఇంట్లో నాతో మాటలు మానేస్తారు. అభ్యర్థితో మాట్లాడకూడదట. నేను కాఫీ కప్పు బల్ల మీద పెడితే, ఎవరు పెట్టారో తెలియనట్టు అటూ ఇటూ చూసి తాగుతారు. మొదటిసారి, అద్దం సర్దుకోబోయి అందులో చూసుకుని జుట్టు సర్దుకున్నానని ఫెయిల్. రెండోసారి, పరీక్ష మధ్యలో "ఏమండీ" అన్నానని ఫెయిల్. అధికారితో చనువు ప్రదర్శించానట. ఆ తర్వాత రెండుసార్లూ ఎత్తు మీద. యార్డు చివర సిమెంటుతో కట్టిన ఎత్తు ఒకటి ఉంటుంది. దాని మధ్యలో కారు ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ ముందుకి పోనివ్వాలి. నాకు జారుతుంది. జానెడే జారుతుంది, కానీ జారుతుంది.

చేతకాక కాదు. నేను ఆస్పత్రి ల్యాబులో రక్తం తీస్తాను. నిన్న మొన్న పుట్టిన పసిగుడ్డు చేతిలో దారప్పోగంత నరం దొరకబుచ్చుకునే చేతులివి. ఎంత మొనగాడైనా సూది చూడగానే మొహం తిప్పుకుంటాడు. నేను "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంటాను. అనేలోపు పని అయిపోతుంది. అలాంటిదాన్ని, ఈ మనిషి పక్కన కూర్చుని "స్టార్ట్ చెయ్యండి" అనగానే నా కుడికాలు నా మాట వినడం మానేస్తుంది. చీమ కుట్టినట్టుంటుందని నాకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

ఆయన శుక్రవారం రిటైరవుతున్నారు. నా బెంగంతా అదే.

మా అక్క ఊరి చివర గుట్ట మీద ఉంటుంది. తుంటి ఎముక విరిగి అతుక్కున్నాక మళ్ళీ కిందికి దిగలేదు. బస్సు గుట్ట మలుపు దాకానే వెళుతుంది. అక్కడి నుంచి సెలవు రోజున నేను సంచులు మోసుకుంటూ ఎక్కుతాను. నాకూ మోకాళ్ళున్నాయి. అందుకే కారు కొనాలని, అక్కని కిందికి దింపి ఊరంతా తిప్పాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను.

"శుక్రవారం దాటితే కొత్తాయన వస్తాడుగా, ఆయన దగ్గర పాసైపోవే" అంటుంది అక్క. అవ్వచ్చు. ఆ పాసు నాకొద్దు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నాకు కావలసింది ఈ మనిషి నోటి నుంచి ఆ మాట. ఆయన కుర్చీ దిగేలోపు, నా గురించి, ఒక్కసారి. ఇదే మాట చెబితే అక్క నవ్వింది. నవ్వనీ, నాకూ పౌరుషముంది.

ఈ లోపు కారన్నా చూసుకుందామని బుధవారం మధ్యాహ్నం ఆయన్ని షోరూముకి లాక్కెళ్ళాను.

అక్కడ మెడకి ఉరి బిగించినట్టు టై కట్టుకున్న నడివయసు సేల్స్ ఆయన ఎదురొచ్చాడు. పేరు చెప్పాడు కానీ నాకు టై ఒక్కటే గుర్తుంది. పొడవు తక్కువగా, ఎత్తుగా, మూతి పైకెత్తుకుని నిలబడ్డ కారు ఒకటి చూపించి ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాడు. ఇంట్లో ప్లగ్గుకి తగిలించి ఫోనులాగే ఛార్జింగ్ పెట్టుకోవచ్చట. ఛార్జింగ్ ఉన్నంతసేపూ కరెంటు మీద, అయిపోతే పెట్రోలు మీద నడుస్తుందట. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటారట. నాకు నచ్చింది. రెండు రకాలుగా నడవగలిగే మనిషి ఇంట్లో ఒక్కరైనా ఉండాలి అనుకున్నాను.

"టెస్ట్ డ్రైవ్‌కి వెళ్దాం రండి సార్" అంటూ టై ఆయన డ్రైవరు పక్క సీటు తలుపు దగ్గరికి నడిచాడు. మా ఆయన కూడా అదే తలుపు దగ్గరికి నడిచారు. ఇద్దరి చేతులూ ఒకే హ్యాండిల్ మీద పడ్డాయి.

"స్టీరింగు అటుంది సార్" అన్నాడు టై ఆయన వినయంగా.

"ఎటుంటుందో నాకు తెలుసు. నువ్వు నడుపు, నేను చూస్తాను."

"మా షోరూము పద్ధతి ప్రకారం కస్టమరే నడపాలి సార్. మేం పక్కన కూర్చుని ఫీచర్లు చెప్తాం."

"నా పద్ధతి ప్రకారం నేను పక్కనే కూర్చుంటాను."

ఇద్దరూ హ్యాండిల్ వదల్లేదు. అప్పుడు మా ఆయన అతని మొహం కాకుండా కుడిభుజం వైపు చూశారు. చాలాసేపు చూశారు.

"నువ్వు భుజం మీదుగా వెనక్కి చూడవు" అన్నారు.

టై ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ సంగతి నేను చెబితే నమ్మచ్చు, అది నా వృత్తి. నన్ను పక్కకి పిలిచి గుసగుసగా మొరపెట్టుకున్నాడు. "మేడమ్, సార్ నన్ను ఆరుసార్లు ఫెయిల్ చేశారు. నాకు లైసెన్సు లేదు. మా మేనేజరుకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఇన్నేళ్ళుగా పక్క సీట్లో కూర్చునే అమ్ముకొస్తున్నాను. నడిపే అవసరమే రాలేదు."

మరి మా ఆయన? ఆయనకి లైసెన్సుంది. అందులో ఫొటోలో మీసం ఇంకా నల్లగానే ఉంది. కానీ ఆయన స్టీరింగు పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. రోజూ ఆఫీసుకి నడిచే వెళతారు. కారు కూడా కొనుక్కోలేదు, ఎంత నిజాయితీపరుడో అంటుంది ఊరు. నేనూ అలాగే అనుకునేదాన్ని. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరు అన్నట్టు, అక్కడ పక్క సీటు మనుషులు ఇద్దరు తేలారు, నడిపేవాడు ఒక్కడూ లేడు.

"నేను నడుపుతాను" అన్నాను.

నా దగ్గర లెర్నర్ లైసెన్సు ఉంది. లైసెన్సున్న మనిషి పక్కన కూర్చుంటే నేను నడపచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. చట్టం ఒప్పుకున్నాక మా ఆయన ఒప్పుకోక తప్పదు. ఎర్ర అక్షరం ఉన్న లెర్నర్ బోర్డులు రెండు నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉంటాయి. ఆస్పత్రి ప్లాస్టరుతో వాటిని తళతళలాడే ఆ కారు ముందూ వెనకా అతికించాను. టై ఆయన అద్దాల్లోంచి మేనేజరు చూస్తున్నాడేమోనని భయపడుతూ వెనక సీట్లోకి దూరాడు. మా ఆయన పక్క సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, సంచిలోంచి అట్ట తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"అదెందుకండీ? కారు చూడ్డానికొచ్చాం."

"ఈ సీట్లో అట్ట లేకుండా కూర్చోలేను" అన్నారు. పాపం, నిజమే చెప్పారు. వెంటనే గొంతు మారింది. "స్టార్ట్ చెయ్యండి."

నా కాలు వణకడం మొదలైంది. బటన్ నొక్కాను. ముందున్న తెర మీద లైట్లు వెలిగాయి. చప్పుడేమీ లేదు.

"స్టార్ట్ చెయ్యండి" అన్నారు మళ్ళీ.

"చేశానండి."

"వినపడలేదు."

"వినపడదు సార్" అన్నాడు వెనక నుంచి టై ఆయన. "ఇప్పుడు కరెంటు మీద ఉంది. అవసరమైతే ఇంజిన్ దానంతటదే వస్తుంది. అదే దీని గొప్ప."

మా ఆయన మార్కుల కాగితం చూపించారు. "ఒకటో అంశం: ఇంజిన్ స్టార్ట్ చేయుట. ఇంజిన్ స్టార్ట్ కాలేదు. ఒకటో అంశం కాకుండా రెండోదానికి వెళ్ళకూడదు. పరీక్ష ఇంకా మొదలవలేదు." పెన్ను జేబులో పెట్టేసుకుని, సీట్లో వెనక్కి వాలారు.

నేను బ్రేకు మీద నుంచి కాలు తీశాను. కారు కదిలింది.

"కదులుతోందండీ."

"కదలనీ. స్టార్ట్ కాలేదుగా."

ఏమని చెప్పను! పరీక్ష మొదలవలేదన్న ఆ మాటకి నా కాలు నా మాట వినడం మొదలుపెట్టింది. షోరూము గేటు దాటాను, ఎదురుగా వచ్చే వ్యాన్లకి దారి ఇచ్చి పెద్ద రోడ్డెక్కాను, సర్కిల్ చుట్టూ తిరిగాను. మార్కెట్టు వీధిలో సరుకు దింపుతున్న రెండు లారీల మధ్య నుంచి రివర్సులో బయటికొచ్చాను. ఇవన్నీ స్టార్ట్ కాని కారులో చేశాను.

ఆయనైతే ఇంకో మనిషైపోయారు. కిటికీ అద్దం దించి మోచెయ్యి బయట పెట్టుకున్నారు. అలా పెట్టినందుకు ఎంతమందిని ఫెయిల్ చేశారో లెక్కలేదు. "అదిగో, సిగ్నల్ వేయనివాడు" అని సైకిల్ షాపాయనకి చెయ్యి ఊపారు. "ఈవిడ గేరు మార్చేటప్పుడు కళ్ళు మూసుకుంటుంది" అని మందుల షాపు ముందు నిలబడ్డావిడని చూపించి ముసిముసిగా నవ్వారు. ఆయన నవ్వగా చూసి ఎన్నాళ్ళైందో! ఊరు ఎంత మారిపోయిందో అన్నారు. రోజూ ఆ వీధుల్లోనే తిరుగుతారు, కానీ ఎప్పుడూ అద్దాలూ పెడళ్ళూ తప్ప ఏం చూశారు కనక?

"బాగా నడుపుతున్నానా?" అనడిగాను, ఉండబట్టలేక.

"నడపడం మొదలవలేదుగా" అన్నారు. కానీ దెప్పినట్టు అనలేదు. చల్లగా అన్నారు.

అప్పుడే నాకో దుర్బుద్ధి పుట్టింది. పెట్రోలు బంకు దగ్గర షోరూము రూటు ఎడమకి తిరగాలి. నేను కుడికి తిరిగాను, గుట్ట వైపు.

"మేడమ్, రూటు అటు కాదండి!" టై ఆయన సీట్లోంచి సగం లేచాడు.

"రూటు మీది, స్టీరింగు నాది. మా అక్కకి చూపించి వచ్చేద్దాం."

"అది కాదు మేడమ్, ఛార్జింగ్..." తెర వైపు వేలు చూపించాడు. "పొద్దున ప్లగ్గు తీసి కాఫీ మెషీన్‌కి పెట్టాం. కస్టమర్లు ఎక్కువగా వచ్చారని. ఇందులో ఎంతో లేదు."

అప్పటికే గుట్ట ఎక్కుతున్నాం. ముందు బస్సు వెళుతోంది, రోడ్డు పైకి లేస్తోంది. తెర మీద బ్యాటరీ బొమ్మ సన్నబడుతూ సన్నబడుతూ వచ్చింది. మలుపు ఇంకాస్త దూరం ఉందనగా మా కాళ్ళ ముందు ఎక్కడో ఏదో గొంతు సవరించుకుంది. తర్వాత గుర్రుమంది. ఇంజిన్ వచ్చింది.

మా ఆయన మోచెయ్యి లోపలికి వచ్చింది. అద్దం పైకి లేచింది. వీపు నిటారైంది. జేబులోంచి పెన్ను బయటికొచ్చింది.

"ఇప్పుడు మొదలైంది" అన్నారు.

సరిగ్గా అప్పుడే ముందు బస్సు ఆగింది. ఎవరో గంపతో సహా దిగుతున్నారు. నేనూ ఆపాల్సి వచ్చింది. ఎక్కడ? గుట్ట మధ్యలో, నిట్టనిలువు ఎత్తు మీద. వెనక నీళ్ళ ట్యాంకరు ముక్కు ఆనించినంత దగ్గరగా వచ్చి ఆగింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, పక్కన మొగుడు.

బస్సు వెళ్ళిపోయింది. నా కుడికాలు బ్రేకు మీద గడగడలాడుతోంది. తీస్తే జారుతుంది. జానెడు జారినా ట్యాంకరే. వెనక హారన్ మోగింది. ఆయన పెన్ను కాగితం మీద ఆనించి, అభ్యర్థి ఏం చేస్తుందా అని ఎదురు చూస్తున్నారు. ముప్ఫై ఏళ్ళ కాపురం, ఒక్క మాట సాయం లేదు! నాకు ఒళ్ళు మండిపోయింది. హ్యాండ్ బ్రేకు మీట లాగేసి స్టీరింగు మీద నుంచి చేతులు తీసేశాను.

"నావల్ల కాదు. మీరు నడపండి."

"పరీక్ష విరమించుకుంటున్నావా?"

"పరీక్ష లేదు, గాడిదగుడ్డూ లేదు. మీకు లైసెన్సుంది. ఇటు రండి."

ఆయన దిగి అటు నుంచి ఇటు రావడానికి ఎంతసేపు పట్టిందంటే, ట్యాంకరు డ్రైవరు హారన్ మానేసి బీడీ ముట్టించుకున్నాడు. నేను పక్క సీట్లోకి జరిగాను. అట్ట నా ఒళ్ళోకి వచ్చింది, వేరే చోటు లేక.

ఆయన స్టీరింగు ముందు కూర్చున్నారు. సీటు బెల్టు పెట్టుకున్నారు. అద్దాలు మూడూ సర్దారు. మళ్ళీ సర్దారు. ఎడమకాలితో కింద దేనికోసమో వెతికారు.

"క్లచ్ ఏది?"

"ఉండదు సార్, ఆటోమేటిక్" అన్నాడు టై ఆయన.

ఉండదంటే ఆయన ఒప్పుకుంటారా? ఎడమకాలితో వెతికి వెతికి వెడల్పుగా దొరికినదాన్ని క్లచ్ అనుకుని బలంగా తొక్కారు. అది బ్రేకు. కుడికాలితో రెండోది తొక్కారు. ఇంజిన్ అరిచింది, కారు వణికింది, ఎక్కడికీ పోలేదు. కంగారులో చెయ్యి తగిలి వైపర్లు ఊగాయి, వెనక డిక్కీ తలుపు దానంతటదే మెల్లగా పైకి లేచింది. టై ఆయనకి భయమేస్తే నోరాగదనుకుంటాను. "వాన లేకపోయినా వైపర్లు వాడుకోవచ్చు సార్. చేతులు ఖాళీ లేకపోయినా డిక్కీ తెరుచుకుంటుంది సార్" అని ఏడుపు గొంతుతో ఫీచర్లు చెబుతూనే ఉన్నాడు.

మా ఆయన రెండు కాళ్ళూ పైకి తీసేసి, సీట్లో ముడుచుకు కూర్చున్నారు. హ్యాండ్ బ్రేకు ఉంది కాబట్టి బతికిపోయాం.

"నాకు రాదు" అన్నారు.

"ఏం రాదు?"

"నడపడం. పరీక్ష పాసయ్యాను, ఉద్యోగం వచ్చింది. ఆ మర్నాటి నుంచి పక్క సీటే. మొదట అవసరం రాలేదు. తర్వాత భయమేసింది. ఆ తర్వాత సిగ్గేసింది."

"మరి నన్నెందుకు ఫెయిల్ చేశారు?"

ఆయన స్టీరింగు మధ్యలో ఉన్న గుర్తు వైపు చూస్తూ చెప్పారు. "నువ్వు పాసైతే కారు కొంటావు. కొన్నాక ఏదో ఒక రోజు, ఏమండీ, ఇవాళ మీరు నడపండి అంటావు."

నాకు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. నాలుగుసార్లు యార్డులో అందరి ముందూ తలొంచుకుని దిగాను, ఈయనగారి కాలి వణుకు బయటపడకుండా ఉండటానికా? జాలి కూడా వచ్చింది, కానీ అది కోపం వెనకాల, ఆలస్యంగా వచ్చింది.

"దిగండి" అన్నాను.

మళ్ళీ సీట్లు మారాం. డిక్కీ మూయించాను. ఇంజిన్ గుర్రుమంటూనే ఉంది, ఆయన పక్కనే ఉన్నారు, అట్ట ఆయన ఒళ్ళోనే ఉంది. కానీ ఆయన మోకాలు నా కాలికన్నా ఎక్కువగా వణుకుతోంది. అది చూసి నా కాలికే సిగ్గేసినట్టుంది, కుదురుగా నిలబడింది. హ్యాండ్ బ్రేకు దించి, బ్రేకు వదిలి, యాక్సిలరేటరు మెల్లగా తొక్కాను. జానెడు కాదు, వేలెడు కూడా జారలేదు. కారు పైకి ఎక్కింది, మలుపు తిరిగింది, నేను సంచులతో ఎక్కే చివరి ఎత్తంతా ఎక్కి అక్క గుమ్మం ముందు ఆగింది.

అక్క చేతికర్ర పట్టుకుని బయటికొచ్చింది. నన్ను డ్రైవరు సీట్లో చూసి నోరు తెరిచేసింది. "మరిదిగారు పాస్ చేశారా!"

మరిదిగారు తల వంచుకుని కాగితం నింపుతున్నారు. ఒక్కో అంశం దగ్గరా ఆగి, ఆలోచించి, టిక్కు పెట్టారు. అన్నిటికీ టిక్కులే. చివరికి మళ్ళీ పైకి వెళ్ళి, ఒకటో అంశం దగ్గర ఇంటూ పెట్టారు.

"ఇంజిన్ అభ్యర్థి స్టార్ట్ చేయలేదు. దానంతటదే స్టార్ట్ అయింది" అన్నారు. "ఫెయిల్."

టై ఆయన "ఇది అన్యాయం సార్" అన్నాడు, ఆరుసార్ల అనుభవంతో.

"ఇందాక గుట్ట మీద చెప్పిందంతా?" అన్నాను.

"అది వేరు, ఇది వేరు. రూలు రూలే."

"అయితే నడిచి దిగండి. నేను కారులో దిగుతాను."

"లైసెన్సున్న మనిషి పక్కన లేకుండా నువ్వు బండి కదపకూడదు."

"లైసెన్సున్న మనిషి కదపనూ లేడు!"

నేను లేకుండా ఆయన దిగలేరు, ఆయన లేకుండా నేను దిగలేను, మేమిద్దరం లేకుండా టై ఆయన అసలే దిగలేడు. అక్క గుమ్మంలో కూర్చుని కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. "పెళ్ళంటే ఇదేనే" అని మళ్ళీ నవ్వింది. టై ఆయన ఊరికే నిలబడటం ఎందుకని, డిక్కీలోంచి తీగ తీసి, అక్క టీవీ ప్లగ్గు పీకి కిటికీలోంచి కారుకి ఛార్జింగ్ పెట్టాడు. నా సీరియల్ ఆపి మీ కారుకి తాగిస్తున్నారా అని అక్క అతన్ని తగులుకుంది.

మా ఆయన అరుగు చివర ఒంటరిగా కూర్చున్నారు. కాగితాన్ని మడిచారు, విప్పారు. నేను పలకరించలేదు. చివరికి ఆయనే వచ్చారు.

"నాకు నేర్పుతావా?" అన్నారు.

"ఏంటి?"

"నడపడం. శుక్రవారం తర్వాత నాకు పనేం ఉంటుంది? నేర్పుతావా?"

నేను ఆయన చేతిలో నలిగిన ఆ కాగితం తీసుకుని మడతలు సాపు చేశాను.

"కాకపోతే ఒకటుంది" అన్నారాయన, మళ్ళీ అధికారి గొంతుతో. "నేర్పేవాళ్ళకి లైసెన్సుండాలి. రూలు. శుక్రవారం పొద్దున యార్డుకి రా."

"మళ్ళీ ఫెయిల్ చేస్తేనో?"

"ఫెయిల్ చేస్తే నాకు నేర్పేదెవరు?" అన్నారు, చాలా చిన్నగా.

అక్కని కారెక్కించుకుని, మధ్య మధ్యలో ఆపుతూ, ఊరంతా చూపిస్తూ దింపుకొచ్చాం. ఛార్జింగ్ ఎక్కింది కాబట్టి కారు చప్పుడు చెయ్యలేదు. మా ఆయన అట్టని సీటు కిందికి తోసేసి, మోచెయ్యి కిటికీ మీద పెట్టుకున్నారు. అక్క ప్రతి వీధి దగ్గరా "ఇది ఎప్పుడొచ్చింది? అదేమైపోయింది?" అంటూనే ఉంది.

గురువారమంతా ఆయన నాతో మాట్లాడలేదు. నేను అభ్యర్థిని. కాఫీ మాత్రం ఎవరు పెట్టారా అని వెతక్కుండా తాగారు.

శుక్రవారం యార్డులో డ్రైవింగ్ స్కూలు పాత కారు తీసుకున్నాను. వరసలో నా వెనకే టై ఆయన ఉన్నాడు. "స్టార్ట్ చెయ్యండి" అన్నారు మా ఆయన. తాళం తిప్పాను. ఆ ముసలి ఇంజిన్ యార్డంతా వినపడేలా దగ్గింది. నా కాలు ఒక్కసారి వణికింది. క్లచ్ మీద ఎడమకాలు పెట్టగానే, గుట్ట మీద లేని క్లచ్ కోసం వెతుకుతున్న ఆయన కాలు గుర్తొచ్చింది. నవ్వొచ్చింది. నవ్వితే ఫెయిల్ చేస్తారేమోనని పెదవి కొరుక్కున్నాను. కాలు మళ్ళీ వణకలేదు. ఎత్తు మధ్యలో ఆపాను. ఎక్కించాను. జారలేదు.

ఆయన కాగితం వైపు చూస్తూ ఏదో గొణిగారు.

"వినపడలేదండీ" అన్నాను.

"పాస్."

"వినపడలేదు."

ఆయన నా వైపు చూశారు. కిటికీ దించి, వరసలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూసేలా "పాస్!" అని అరిచారు. నేను ఏడ్చాను. దాచుకోలేదు, దాచుకోవాలనీ అనిపించలేదు.

టై ఆయన ఈసారి పరీక్షంతా భుజం మీదుగా వెనక్కి చూస్తూనే నడిపాడు. ముందుకి చూడలేదు. ఫెయిల్. అయినా సాయంత్రం యార్డుకి కారు తెచ్చి ఇచ్చింది అతనే, షోరూము డ్రైవరు పక్క సీట్లో కూర్చుని. ఆ డెమో కారునే తీసుకున్నాను. నేను అతికించిన ప్లాస్టరు మరక ఎంత తుడిచినా పోవడం లేదట, మేనేజరు ఎవరికో ఒకరికి వదిలించుకుంటే చాలనుకున్నాడు.

యార్డు ఖాళీ అయ్యాక, వీడ్కోలు చెప్పినవాళ్ళంతా వెళ్ళిపోయాక, మా ఆయన బయటికొచ్చి అలవాటుగా పక్క సీటు తలుపు దగ్గరికి నడిచారు. అక్కడ అప్పటికే నేను నిలబడి ఉన్నాను, ఆయన అట్ట పట్టుకుని.

"అటు" అన్నాను.

ఆయన చుట్టూ తిరిగి వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నారు. బెల్టు పెట్టుకున్నారు, అద్దాలు సర్దుకున్నారు. నేను పక్కన కూర్చున్నాను.

"స్టార్ట్ చెయ్యండి."

బటన్ నొక్కారు. చప్పుడు లేదు. "అయిందా?" అని నా వైపు చూశారు. ఆయన కుడికాలు గడగడలాడుతోంది. నేను అట్టని వెనక సీట్లో పడేసి, ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను.

"చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అన్నాను.

అనేలోపు కారు కదిలింది.